గోరంత ఇనుప తునక

మా అన్నయ్య చెయ్యి పాడైపోయిందని ఊరంతా అనుకుంటోంది. పాడు చేసింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన మాట ఆలస్యంగా చెబితే ఏమవుతుందో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

మాది పాత కార్ల షెడ్డు. మరమ్మతు అన్నయ్యది, రంగూ మెరుగూ నాది. ఇరవై రెండేళ్ళుగా ఒకే రేకుల కప్పు కింద పనిచేస్తున్నా ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టలేదు. ఆయన విప్పుతాడు, బిగిస్తాడు. నేను గీకుతాను, రుద్దుతాను, పూస్తాను. బండి అడుగున ఏముంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా ఎప్పుడూ పుట్టలేదు. అక్కడ మడ్డీ, గ్రీజూ, మా అన్నయ్య కాళ్ళూ తప్ప చూడదగ్గది ఏమీ ఉండదని నా అభిప్రాయం.

అన్నయ్యను అందరూ నాడి మేస్త్రీ అంటారు. వైద్యుడు మణికట్టు పట్టుకున్నట్టు ఆయన గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పక్క సీట్లో కూర్చుంటాడు. బండి నేను నడపాలి. రెండు వీధులు దాటేసరికి రోగం చెప్పేస్తాడు. "వెనక ఎడం పక్క బేరింగు. ఇంకో నెల ఊరుకుంటే చక్రం మనకంటే ముందు ఇల్లు చేరుతుంది" అంటాడు. విప్పి చూస్తే అదే. కంప్యూటర్లు పెట్టుకున్న పెద్ద వర్క్‌షాపుల వాళ్ళు కూడా చేతులెత్తేసిన బండ్లను గుట్టుచప్పుడు కాకుండా మా దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళు. అన్నయ్యకు చదువు అబ్బలేదు. నలుగురిలో మాట్లాడమంటే నాలుక మడత పడుతుంది. ఆయనకున్నదల్లా ఆ కుడిచెయ్యి. ఆ సంగతి ఆయనకూ తెలుసు కాబట్టి చలి మొదలైతే చాలు, ఊలు తొడుగు లేకుండా గుమ్మం దాటేవాడు కాదు. వదిన నవ్వేది. "నన్ను కూడా ఇంత భద్రంగా చూసుకోలేదు మీ అన్నయ్య" అనేది.

పళ్ళ డాక్టరుగారి బండి యాభై ఆరేళ్ళది. మీగడ రంగు, గుండ్రటి వీపు, తలుపు మూస్తే పెట్టె మూసినంత మెత్తటి చప్పుడు. ఆయన తండ్రి నడిపిన బండి. డాక్టరు మనిషి మంచివాడే గానీ శుభ్రం విషయంలో మాత్రం పిచ్చి ముదిరినవాడు. నేను పాలిష్ పెట్టిన చోట వేలు రాసి ఆ వేలు వంక చూసుకునేవాడు. మీ పేషెంట్ల నోళ్ళలో కూడా ఇలాగే చూస్తారా అని ఒకసారి అడిగేశాను. "అక్కడ ఇంతకన్నా తక్కువే ఆశిస్తానమ్మా" అన్నాడు.

పాత కార్ల ప్రదర్శన ఒకటి వస్తోందనీ, తన బండిని అక్కడ పెడుతున్నాననీ చెప్పాడు ఆయన. అలాంటి చోట్ల కొందరు బండి కింద నేల మీద అద్దాలు పరుస్తారట. చూసేవాళ్ళు వంగకుండానే బండి అడుగుభాగం కూడా అద్దంలో కనపడాలి. కనపడేది తళతళలాడాలి. అందుకని జీవితంలో మొదటిసారి నాకు బండి అడుగున పని పడింది.

బండి కిందిభాగాలు అన్నయ్య ఒక్కొక్కటే దించి నా బల్ల మీద పెట్టాడు. వాటిలో షాఫ్ట్ ఒకటి. నా చేతి పొడవు కంటే రెండింతలున్న ఇనుప గొట్టం అది. ముందున్న గేర్‌బాక్సు తిప్పే తిప్పుడును వెనక చక్రాలకు చేర్చేది అదే. దాని రెండు చివర్లా రెండేసి చెవులు, వాటి మధ్య క్రాస్ అనే చిన్న ఇనుప దిమ్మ. అన్నయ్య ఏ చెవి ఎటు ఉండాలో సుద్దముక్కతో కాకుండా ఉలితో గుర్తు పెట్టుకుని మరీ ఇచ్చాడు. "దీనికి మరమ్మతేం లేదు బుల్లీ. ఊరికే రంగు వెయ్యి చాలు" అన్నాడు.

తుప్పంతా గీకాక షాఫ్ట్ వెనక చివర గోరంత ఇనుప తునక ఒకటి బయటపడింది. రెండు చుక్కల వెల్డింగుతో గొట్టానికి అతికి ఉంది. వంకరగా, బొడిపెలా, చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఎవడో చేతకాని వెల్డరు ఎప్పుడో వేసిన మాసిక అనుకున్నాను. అద్దంలో ఆ బొడిపె కనపడితే డాక్టరు వేలు పెట్టి చూపించేది దాన్నే. గ్రైండరు పెట్టి కోసేశాను. వెల్డింగు మచ్చలు నునుపయ్యేదాకా రుద్దాను. ప్రైమరు వేసి, దాని మీద మూడు పూతలు నల్లరంగు వేశాను. ఆ రోజు నా పనితనానికి నేనే మురిసిపోయాను.

రంగు ఆరాక అన్నయ్య వచ్చి షాఫ్టును ఒళ్ళో పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేత్తో తడిమాడు. "పసిపిల్ల చెంపలా ఉందే" అన్నాడు. బండి కింద నిలబడి పనిచేసే గోతిలోకి దిగి, ఉలి గుర్తులు చూసుకుని బిగించాడు.

మర్నాడు బండి నడిపాను. అన్నయ్య చెయ్యి గేరు రాడ్డు మీద ఉంది. నలభై దాకా బాగానే పోయింది. అరవై దగ్గర సన్నగా మూలుగు మొదలైంది. ఎనభై అనేసరికి సీట్లు, అద్దాలు, నా పళ్ళు కలిసి వణికాయి. ఆపమన్నాడు. రోడ్డు పక్కన ఆపాక చాలాసేపు కళ్ళు తెరవలేదు.

"షాఫ్ట్ అంటోంది నా చెయ్యి" అన్నాడు. "బుల్లీ, నీ దగ్గరున్నప్పుడు దానికేమైనా దెబ్బ తగిలిందా? కింద గానీ పడేశావా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేనేమైనా నిన్న పనిలోకొచ్చానా? పడేస్తే పడేశానని చెప్పనా? పువ్వులా చూసుకున్నాను దాన్ని. ప్రతిదానికీ నా మీద పడకు. నీ విప్పుడు బిగింపుల్లో ఏదో తేడా వచ్చుంటుంది, చూసుకో" అని కస్సుమన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. నేను తడుముకోలేదు, ఎదురు తిరిగి అరిచాను. దొంగనని నాకే తెలియదు మరి. ఇరవై రెండేళ్ళలో నేను ఆయనకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. ఆ రోజు చెప్పింది కూడా నా లెక్కలో నిజమే. అన్నయ్య నా మాట నమ్మాడు. తన చేతి మాట పక్కన పెట్టాడు.

షెడ్డుకు రాగానే పేరుకు మాత్రం షాఫ్ట్ వంకరుందేమో చూశాడు. గుంజి కట్టిన దారంలా తిన్నగా ఉంది. ఇక దాని జోలికి పోలేదు. మళ్ళీ బండెక్కి చెయ్యి పెట్టి చూస్తే ఈసారి గేర్‌బాక్సు వెనక బేరింగు అనిపించిందట. గేర్‌బాక్సు దించి, విప్పి, లోపలి పళ్ళచక్రాలన్నీ బల్ల మీద పరిచాడు. బేరింగు నిక్షేపంలా ఉంది. కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదు. మళ్ళీ బిగించి, మళ్ళీ నడిపించి, వెనక ఇరుసులో పళ్ళచక్రం అన్నాడు. అదీ విప్పాడు. అదీ బాగానే ఉంది. చక్రాలు మార్చాడు, ఇంజను కింద రబ్బరు దిమ్మలు మార్చాడు. ఎనభై దగ్గర బండి ఎప్పటిలాగే మలేరియా రోగిలా వణికింది.

మూడు వారాలు ఇలాగే గడిచాయి. అన్నయ్య భోజనానికి ఇంటికి వెళ్ళడం మానేశాడు. ఎప్పుడు చూసినా గోతిలో నిలబడి బండి అడుగు వంక చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఎవరో చిన్న మరమ్మతుకు బండి తెచ్చి, చెయ్యి పెట్టి చూడమన్నారు. అన్నయ్య చెయ్యి చాపి, రాడ్డు దాకా వెళ్ళి, వెనక్కి తీసుకున్నాడు. "విప్పి చూద్దాంలెండి" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. పనికిమాలిన ఏడుపు అది, కారణం తెలియని ఏడుపు.

వదిన నన్ను పక్కకు పిలిచింది. "ఇంట్లో ఫ్రిజ్జు మీద చెయ్యి పెట్టి నిలబడుతున్నాడు బుల్లీ. ఆడుతోందో ఆగిందో చెప్పి, తలుపు తీసి సరిచూసుకుంటున్నాడు. నువ్వయినా ఏదో ఒకటి చెప్పు" అంది.

ఏం చెప్పాలి? వయసు అన్నాను. అలసట అన్నాను. అన్నయ్య ముందు కూడా అదే అన్నాను. "కొన్నాళ్ళు చేతికి విశ్రాంతి ఇవ్వు అన్నయ్యా. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు తగ్గదా?" అన్నాను. ఓదార్చాననుకున్నాను. ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

ప్రదర్శన రోజు వచ్చేసింది. వద్దని అన్నయ్య ఒకసారి అన్నాడు. "నెమ్మదిగా నడుపుతాను, మీరూ పక్కన కూర్చోండి" అన్నాడు డాక్టరు. పాత అన్నయ్య అయితే తాళం జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు. ఈ అన్నయ్యకు తన మాట మీద తనకే నమ్మకం లేదు. ఎక్కి కూర్చున్నాడు.

ఊరి బయట వెనకనుంచి లారీ తరుముతుంటే డాక్టరు కంగారుపడి వేగం పెంచాడు. అంతే. మూడు వారాల వణుకుకు అలసిపోయిన షాఫ్ట్ చెవి ఒకటి పుటుక్కున విరిగింది. షాఫ్ట్ వెనక చివర ఊడి కింద పడి, రోడ్డును దున్నుకుంటూ పోయి, గేర్‌బాక్సు తోకను పగలగొట్టింది. మనుషులకు దెబ్బ తగల్లేదు. అన్నయ్య దిగి, వంగి, రోడ్డు మీద నూనెలో పడున్న గేర్‌బాక్సు ముక్కలను ఏరి రుమాల్లో వేసుకున్నాడట. దాని పైతొడుగు పోత పోసిన ఇనుము. అలాంటిది ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా చెయ్యరు. అతికితే నిలవదు. యాభై ఆరేళ్ళు నడిచిన బండి ఇక నడవదు.

డాక్టరు తిడితే బాగుండేది. ఆయన అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, "బాధపడకండి మేస్త్రీగారూ. బండికీ వయసైంది, మీకూ వయసైంది" అన్నాడు. ఎంతో దయగా అన్నాడు. ఆ సాయంత్రం అన్నయ్య షెడ్డుకొచ్చి, చెయ్యి పెట్టి చూడమని ఎవరొచ్చినా పంపించెయ్యమన్నాడు. మర్నాడు అసలు ఎవరొచ్చినా పంపించెయ్యమన్నాడు.

విరిగిన షాఫ్ట్ నా బల్ల పక్కనే పడేసి ఉంది. నాలుగో రోజున లేత్ బాబాయి వచ్చాడు. ఆయన అన్నయ్యకు చిన్ననాటి స్నేహితుడే అయినా ఊరంతా బాబాయి అనే పిలుస్తుంది, రెండు వీధుల అవతల ఇనుము చెక్కే లేత్ మిషను ఆయనది. అన్నయ్య ఇంట్లో ఉన్నాడని తెలిసి, ఊరికే నిలబడి, షాఫ్టును కాలితో దొర్లించాడు. రోడ్డు రాపిడికి వెనక చివర నా నల్లరంగు లేచిపోయి ఇనుము బయటపడింది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

"ఇదేంటమ్మా బుల్లీ? రెండు వెల్డు మచ్చలున్నాయి, తునకేదీ?"

"ఏ తునక బాబాయ్?"

"బరువు తునక. షాఫ్ట్ చేసినప్పుడే తిప్పి చూసి, ఏ పక్క తేలిగ్గా ఉంటే ఆ పక్క కాస్త ఇనుము అతుకుతారు. అది ఉంటేనే సమంగా తిరుగుతుంది. లేకపోతే ఇదిగో, ఇలా చచ్చేదాకా వణుకుతుంది. ఎవడో గ్రైండరు పెట్టి మరీ కోసేశాడు. ఎవడా తెలివైనవాడు?"

నేను బల్ల అంచు పట్టుకున్నాను. బాబాయి నా మొహం చూశాడు. గ్రైండరు వైపు చూశాడు. తరవాత ఆయన గొంతు తగ్గిపోయింది. "నువ్వే చెప్పాలమ్మా. నేను చెబితే చాడీ అవుతుంది. తొందరగా చెప్పు" అని వెళ్ళిపోయాడు.

తొందరగానా? తొమ్మిది రోజులు పట్టింది నాకు. రోజూ అన్నయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, వదిన ఇచ్చిన టీ తాగి వచ్చేసేదాన్ని. ఇంత నోరున్న మనిషిని, పది మందిని కడిగేసే మనిషిని, మా అన్నయ్య ముందు నోరు పెగలక చచ్చాను. ఆయన తిడతాడని కాదు. తిట్టడని భయం. అయినా ఒక ఆశ మాత్రం ఉండేది. ఈ నిజం చెబితే అన్నయ్య లేచి నిలబడతాడు. తన చెయ్యి మొదటిరోజే సరిగ్గా చెప్పిందని తెలుసుకుంటాడు. నా మీద కోపంతోనైనా షెడ్డు తాళం తీస్తాడు. నా దగ్గర మందు ఉంది, ఇవ్వడానికి ధైర్యమే లేదు అనుకుంటూ ఆ తొమ్మిది రోజులూ ఈడ్చాను.

పదో రోజు ఉదయం వెళ్ళేసరికి అన్నయ్య వరండాలో కూర్చుని స్పానర్లు తుడిచి పాత దుప్పటిలో చుడుతున్నాడు. ఆయన సామానంతా లేత్ బాబాయికి ఇచ్చేస్తున్నాడని వదిన చెప్పింది. బాబాయి బండి తీసుకుని వస్తున్నాడట. ఇక ఆగలేకపోయాను.

"అన్నయ్యా, డాక్టరుగారి షాఫ్ట్ మీద బరువు తునక కోసేసింది నేనే" అన్నాను.

తలెత్తాడు.

"మాసిక అనుకున్నాను. అద్దంలో అసహ్యంగా కనిపిస్తుందని కోసి, రుద్ది, రంగేశాను. నువ్వడిగితే నీ మీదే అరిచాను. నీ చెయ్యి మొదటిరోజే నిజం చెప్పిందన్నయ్యా. షాఫ్ట్ అంది. కాదన్నది నేను. నీ చేతికేం కాలేదు. తప్పంతా నాది. కొట్టు, తిట్టు, కానీ ఆ స్పానర్లు మాత్రం ఇవ్వకు."

అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి నిలబడ్డాను. అన్నయ్య చేతిలో స్పానరు కింద పెట్టాడు. ఆయన మొహంలో ఏదో కదిలింది. నా ప్రాణం లేచొచ్చింది.

"తునక ఎంతుంది?" అన్నాడు.

చిటికెనవేలి గోరు చూపించాను.

"రుద్దినచోట గరుకు మిగిలిందా?"

"లేదు. నునుపు చేసేశాను."

కాసేపు ఆలోచించాడు. బండి రోగం చెప్పబోయే ముందు ఆలోచించినట్టే ఉంది.

"రంగు ఆరాక ఒళ్ళో పెట్టుకుని తడిమింది నేనే కదా?"

"అవును గానీ, నల్లగా మెరిసిపోతుంటే ఎవరికి కనపడుతుంది అన్నయ్యా?"

"కంటికి కనపడదు. చేతికి తెలియాలి" అన్నాడు. "నలభై ఏళ్ళలో ఎన్ని షాఫ్టులు దించాను, ఎన్ని బిగించాను! తునక ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పేవాణ్ణి. అది లేని షాఫ్టును ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల చెంపలా ఉందని మెచ్చుకున్నాను."

"అది నా తప్పే..."

"నువ్వు రంగులదానివి. నీకెలా తెలుస్తుంది? నాకు తెలియాలి." తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. "గేర్‌బాక్సు విప్పిన రోజు నుంచి చెయ్యి పోయిందనుకున్నాను. కాదన్నమాట. అంతకుముందే పోయింది."

ఆయన గొంతులో కోపం లేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు.

"చెప్పి మంచిపని చేశావు బుల్లీ. ఇన్నాళ్ళూ మనసులో ఓ మూల, తప్పు నాది కాదేమోనని చిన్న ఆశ ఉండేది. రాత్రుళ్ళు నిద్ర పట్టనిచ్చేది కాదు. ఇప్పుడు అదీ పోయింది" అన్నాడు. దుప్పటి అంచులు దగ్గరికి లాగి ముడి వెయ్యబోయాడు. ముడి పడలేదు. నేను సాయం పట్టబోతే వద్దని తల ఊపి, మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాడు.

వీధిలో లేత్ బాబాయి బండి ఆగింది. అన్నయ్య మూట ఎత్తుకుని మెట్లు దిగాడు. గుమ్మంలో వదిన ఎప్పటినుంచి నిలబడి ఉందో నాకు తెలియదు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి నన్ను ఒక్క మాట అనలేదు ఆవిడ.

"నీ మనసు తేలికపడిందా బుల్లీ?" అంది.

లేదన్నాను. ఆవిడ రెండో మూట తీసుకుని, ఆయన వెనక వెళ్ళింది.